మూత తీసిన డబ్బా

"సీలు ఉందని చెప్పు." మూడే మూడు మాటలు. నోటిదాకా వచ్చాయి, పళ్ళ వెనకాల ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరమ్మ గొంతు సవరించుకుంది, ఎదుటి బెంచీ మీద కూర్చున్న రెండో సాక్షి, పూలతోటలో పనిచేసే చిన్నకోడలు, ఏమిటన్నట్టు తలెత్తింది, అంతే, ఈవిడ గబుక్కున మొహం తిప్పేసుకుని గోడగడియారం కేసి చూసింది. పది దాటి ఐదు నిమిషాలు. పదకొండుకు గాని పిలవరని అటెండరు చెప్పాడు. అంటే యాభై ఐదు నిమిషాలు. యాభై ఐదు నిమిషాల్లో మూడు మాటలేం ఖర్మ, మూడు తరాల చరిత్ర చెప్పుకోవచ్చు, బస్సుల్లో ఆడవాళ్ళు చెప్పుకోవడం లేదూ, ఎక్కిన స్టాపుకూ దిగే స్టాపుకూ మధ్య అత్తగారి ఆపరేషనుతో సహా. ఈవిడకు మాత్రం నాలుక పెగలదు. గడియారం కింద కాగితం అతికించి ఉంది మరి: సాక్షులు విచారణకు ముందు పరస్పరం మాట్లాడుకోరాదు. కింద సంతకం, సంతకం మీద స్టాంపు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో సంతకమూ స్టాంపూ ఉన్న కాగితానికి ఎదురు చెప్పిన మనిషి కాదావిడ. అందుకే ఆఫీసులో చాటుగా రూళ్ళకర్ర అంటారు. మొదట్లో చెవిన పడితే ఉక్రోషం వచ్చేది, తర్వాత్తర్వాత లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది, వంకర లేదనే కదా అంటున్నారు అని. ఆ రూళ్ళకర్ర ఒక్కసారే వంగింది. ఆ ఒక్కసారి గురించే ఇవాళ్టి విచారణ.

పూలతోట అది. పేరుకు తోట గాని, ప్లాస్టిక్ కప్పిన పన్నెండు పెద్ద షెడ్లు, లోపల వరసలు వరసలుగా పూలు, ఆ పూలు పెట్టెలకెక్కి ఎక్కడెక్కడి హోటళ్ళకో పోతాయి. అక్కడ చిన్నకోడలిది పురుగుమందు కలిపే పని, పెద్దకోడలిది పూలు కోసే పని. ఒకే ఇంటి తోడికోడళ్ళు. ఆ సాయంత్రం ఈ పిల్ల కొత్త డబ్బా సీలు విప్పి, మందు కలిపిచ్చి, ఇంటికి పోయింది. మగవాళ్ళు షెడ్డులో కొట్టి తలుపులు మూసి వెళ్ళారు. మందు కొట్టిన చోటికి రెండు రోజులదాకా ఎవరూ పోకూడదని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలతో రాసే ఉంటుంది, ఎవరి కళ్ళ కోసం రాస్తారో ఏమో, తెల్లారి ఐదింటికల్లా మేస్త్రీ తలుపు తీసి ఎనిమిదిమంది ఆడవాళ్ళను లోపలికి తోలాడు, ఏడింటికి లారీ వస్తుంది, పూలు ఆగుతాయా. ఆరున్నరకు ఖాళీ పెట్టెలు మోసుకొచ్చిన చిన్నకోడలికి రెండు వరసల మధ్య బోర్లాపడిన పెద్దకోడలు కనపడింది, కత్తెర చేతిలోనే ఉంది, నోటి వెంట నురగ. ఆసుపత్రికి చేరేలోగా ఆమె, మర్నాడు మరొకామె పోయారు. మిగతా ఆరుగురూ బతికారు, బతకడమంటే కళ్ళకు మసకలు, చేతులకు వణుకు, అదో బతుకు. ఇది జరిగి ఎనిమిది నెలలు. ఇంతా చేసి ఇవాళ ఆ విచారణ గది తలుపు వెనకాల ముగ్గురు పెద్దలు కూర్చుని తేల్చేదేమిటయ్యా అంటే, ఇద్దరు ఆడవాళ్ళు ఎందుకు చచ్చిపోయారన్నది కాదు. ఇన్‌స్పెక్టరు నమూనా తీసినప్పుడు డబ్బాకు సీలుందా లేదా అన్నది.

వరండా చివర నీళ్ళ ఫిల్టరుకు స్టీలు గ్లాసు గొలుసుతో కట్టి ఉంది. పురుగుమందుల భద్రతా శాఖ వారి గ్లాసు, పోతే జవాబు చెప్పుకోవాలి, దానికో రిజిస్టరు కూడా ఉంటుంది. మనిషి పోతే మాత్రం ఒక పత్రం నింపితే సరి. ప్రమాద నివేదిక పత్రం, ఇరవై రెండు గడులు, నిద్దట్లో లేపి అడిగినా వరస తప్పకుండా చెబుతుంది ఇన్‌స్పెక్టరమ్మ. పద్నాలుగో గడి: బాధితులు రక్షణ పరికరాలు ధరించారా? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కూలీ మొహానికి తడిగుడ్డ కట్టుకున్నాడని, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడని తెలిసి, పాపం తనకు చేతనైన జాగ్రత్త తను పడ్డాడు కదా అని "అవును" దగ్గర టిక్కు పెట్టింది. వారం తిరక్కుండా కాగితం వెనక్కి వచ్చింది. ఏ కంపెనీ ముసుగు? ఏ నంబరు తొడుగులు? ధ్రువపత్రం జతపరచవలెను. అప్పటి పై అధికారి మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు, పిలిచి కూర్చోబెట్టి కాఫీ తెప్పించి మరీ చెప్పాడు. "అమ్మాయ్, పద్నాలుగులో టిక్కు ఎప్పుడూ కాదు దగ్గరే. కాదు అన్నావనుకో, కాగితం తిరిగి రాదు. నువ్వూ హాయి, నేనూ హాయి." అప్పట్నుంచీ కాదు, కాదు, కాదు. పద్నాలుగు కాదంటే ఇరవై రెండో గడి దానంతటదే నిండుతుంది: కారణం, వాడకందారు అజాగ్రత్త. చచ్చినవాడిదే తప్పు, కేసు మూసెయ్, బీరువా తాళం వెయ్. అలా ఎంతమందిని మూసేసిందో ఆవిడకు గుర్తు లేదు, మొహాలు ఉండవు, గడులే ఉంటాయి. ఒక్క ముసలాయన మాత్రం ఉన్నాడు, కొడుకు పోయినవాడు, వేలిముద్ర వేస్తూ వేస్తూ ఆగి, "మావాడు తాగుబోతు కాదని, మంచోడని రాశారా అమ్మా ఇందులో?" అని అడిగాడు. రాశాను తాతా అంది. అలాంటి గడి లేదు. ఆ ముసలాయన దణ్ణం పెట్టిన చేతులు, ఇంకా సిరా ఆరని వేలు, ఎక్కడికి పోతాయి అవి, అన్నం ముందు కూర్చున్నా వస్తాయి.

చిన్నకోడలు కాళ్ళు వెనక్కి లాక్కుని కూర్చుంది, చెప్పులు బెంచీ కిందకి వెళ్ళిపోయాయి. కొత్త చెప్పులు. విచారణ కోసం కొనుక్కుందేమో. కుడిచెయ్యి వణుకుతుంటే ఎడంచేత్తో పట్టుకుంది, అదో అలవాటైపోయినట్టుంది. ఈ చేత్తోనే కదూ గోనెసంచి తెచ్చింది ఆ రోజు. తనిఖీకి ఒక రోజు ముందు యజమానికి తెలియజేయాలని రూలు. రూళ్ళకర్ర ఫోను చేసి తెలియజేసింది, చేసిన టైము రిజిస్టరులో రాసుకుంది కూడా. దొంగను పట్టుకోవడానికి వస్తున్నాం, ఇంట్లో ఉండు అని దొంగకే కబురు పెట్టడం లోకంలో ఇంకెక్కడన్నా ఉందో లేదో గాని ఈ శాఖలో ఉంది. వెళ్ళేసరికి స్టోరుగది కడిగేసి ఉంది, ఫినాయిలు కంపు, అరల మీద ఒక్క డబ్బా లేదు. మేస్త్రీ చేతులు కట్టుకుని "స్టాకు అయిపోయింది మేడమ్" అన్నాడు, నవ్వు ఆపుకుంటున్నాడు వెధవ. నాలుగు దుకాణాలు తిరిగింది, తోట బిల్లులో ఉన్న బ్యాచ్ నంబరు డబ్బా మచ్చుకు ఒక్కటి లేదు. మళ్ళీ తోటకొచ్చి, ఉత్త చేతులతో జీపు ఎక్కబోతుంటే ఈ పిల్ల వచ్చింది, చంకలో గోనెసంచి, సంచిలో సగం అయిన డబ్బా. మూడో షెడ్డు నీళ్ళ ట్యాంకు వెనకాల మర్చిపోయారట. "ఇదేనమ్మా. నేనే, ఈ చేత్తోనే సీలు విప్పాను" అంది. ఇన్‌స్పెక్టరమ్మ మూత తీసింది, వాసన గుప్పుమంది. కుళ్ళిన వెల్లుల్లి వాసన. పదేళ్ళ కిందట నిషేధించిన మందు వాసన అది. నిషేధించకముందు అది తీసుకుపోయిన మనుషుల పత్రాలు నింపినావిడ ఈవిడే, ఆ గుడ్డలకూ ఆ మంచాలకూ ఈ వాసనే ఉండేది, మర్చిపోయే వాసనా అది. డబ్బా మీద మాత్రం పచ్చటి బొమ్మతో వేరే మందు పేరు.

మూత తీసిన డబ్బాలోంచి నమూనా తీయకూడదు. ఎవరైనా ఏమైనా కలపొచ్చు కదా, రూలులో న్యాయం లేదని ఎవరంటారు. పదకొండో గడి: డబ్బా సీలు చెక్కుచెదరకుండా ఉన్నదా? కాదు అన్నామా, ల్యాబు వాళ్ళు సీసా వంక కూడా చూడరు, ఎర్రసిరా గీత కొట్టి తిప్పి పంపిస్తారు. నిజానికి సీలు ఉంది, మందు కలిపిన సాయంత్రం వరకూ ఉంది, కంపెనీ వేసిన సీలే ఉంది, విప్పిన మనిషి ఎదురుగా నిలబడి విప్పానంటోంది. ఆ నిజానికి గడి లేదు. జీపు బానెట్ మీద పత్రం పెట్టుకుని పెన్ను పట్టుకుంటే పెన్ను పదకొండు దగ్గర ఆగిపోయింది, ఎంతసేపు ఆగిందో, డ్రైవరు "మేడమ్, ఎండ" అన్నాడు. అవును. టిక్కు. మూడు సీసాల్లో పోసి, లక్క కరిగించి, ముద్ర వేసి, ఒకటి యజమానికి, ఒకటి ల్యాబుకు, ఒకటి ఆఫీసు బీరువాకు. ఎంత తేలిగ్గా పడింది ఆ టిక్కు. ఇంటికెళ్ళి తలంటుకుని నిద్రపోయింది కూడా, హాయిగా, ఏళ్ళ తర్వాత ఒక మంచి పని చేసినదానిలా. ల్యాబు రిపోర్టు రానే వచ్చింది, నిషేధించిన మందే, పైన లేబులు ఒకటి లోపల సరుకు ఒకటి. అప్పుడు కంపెనీ నోరు తెరిచింది: ఇన్‌స్పెక్టరు తీసింది సీలున్న డబ్బా కాదు, ఎవరో విప్పి కలిపారు, మాకేం సంబంధం. మేస్త్రీ చూసి చెప్పాడో, ఊరికే బురద చల్లి చూద్దామనుకున్నారో, వాళ్ళ దగ్గర సాక్ష్యం మాత్రం లేదు. డ్రైవరుకు సీలంటే ఏమిటో కూడా తెలియదు. కళ్ళారా చూసి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈ బెంచీ మీద, ఒకరు ఆ బెంచీ మీద. పందొమ్మిదేళ్ళు చచ్చినవాళ్ళ మీద అబద్ధాలు రాసింది, ఒక్కడంటే ఒక్కడు ఇదేమిటని అడగలేదు. చచ్చినవాళ్ళ కోసం ఒకే ఒక్కటి రాసింది, దానికి ముగ్గురు పెద్దలు, ఒక వకీలు, ఒక విచారణ గది. నవ్వాలా ఏడవాలా.

పదీ ఇరవై. ఇద్దరూ సీలు ఉందంటే చాలు. ఆ మందు దుకాణాల్లోంచి వెనక్కి వస్తుంది, ఎక్కడెక్కడి బ్యాచ్‌లూ వస్తాయి, కంపెనీకి తాళం పడుతుంది. ఇద్దరిలో ఒక్కరు లేదన్నా నమూనా చెల్లదు, నమూనా చెల్లకపోతే విషం లేదు, విషం లేకపోతే ఇరవై రెండో గడి ఉండనే ఉంది. ఇక్కడ ఎత్తేసిన డబ్బాలు ఎక్కడికి పోయాయి? గంగలో కలిపారా? గత నెల ఇంకోచోట ముగ్గురు ఆసుపత్రిపాలయ్యారు, అక్కడి ఇన్‌స్పెక్టరు ఫోనులో చెప్పాడు, అదే వాసన మేడమ్ అని. నమూనా తీశావా అంటే, సీలున్న డబ్బా దొరకలేదు కదా మేడమ్, దొరకలేదని రాసేశాను అన్నాడు. తప్పు పట్టడానికేం లేదు, రూలు ప్రకారం అతనే రైటు. ఆ ముగ్గురిలో ఒకతనికి పద్దెనిమిదేళ్ళట. ఇవాళ పొద్దున్న ఆయన, ఈవిడ మొగుడు, లెక్కల మాస్టారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "జన్మకో తప్పు చేశావు, అదీ దొరికిపోయేలా చేశావు, అలవాటు లేని పని" అని నవ్వించబోయాడు. నవ్వు రాలేదు. "ఆ అమ్మాయితో ఒక మాట అనుకున్నారా?" అన్నాడు వెంటనే, మాస్టారు కదా, లెక్కలో ఎక్కడ తప్పు వస్తుందో ముందే తెలుస్తుంది. "అక్కడ కలుస్తానుగా" అంది. ఎనిమిది నెలలు ఏం చేశావు అని అడగలేదాయన. ఏం చేసిందంటే, రేపు వెళదాం అనుకుంది. వెళ్ళి ఏమని చెప్పాలి? నేను దొంగ టిక్కు పెట్టాను, నువ్వు కూడా దొంగమాట చెప్పు అనా? ఆ పిల్ల ఈవిడను చూసే చూపు వేరు. ఆఫీసుల్లో తనను కూర్చోమన్నది ఈవిడొక్కతే, పేరు అడిగి తప్పు లేకుండా రాసింది ఈవిడొక్కతే. ఆ చూపు పోతుందని భయం. ఇద్దరు చచ్చిపోయారు, ముగ్గురు మంచాన ఉన్నారు, ఈవిడగారికి ఒక పిల్ల తనను మంచిదనుకోవడం పోకూడదు. ఛీ.

అటెండరు లేచాడు, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి విరుచుకున్నాడు. "టీ తాగొస్తాను మేడమ్, పది నిమిషాలు. మీకు తెలియంది కాదు, మాట్లాడుకోకూడదు" అని, కాగితం కేసి గడ్డం ఎత్తి చూపించి, మెట్లు దిగిపోయాడు. చెప్పుల చప్పుడు రెండో అంతస్తుకు, మొదటి అంతస్తుకు. దేవుడిచ్చిన పది నిమిషాలు. వరండాలో నరపురుగు లేదు. లే, వెళ్ళి పక్కన కూర్చో, చెప్పు. మోకాళ్ళు లేచాయి, వెళ్ళి పక్కన కూర్చుంది కూడా. పరీక్షలో చీటీ పెట్టినదానిలా అటూ ఇటూ చూసింది.

"ఏమన్నా తిన్నావా?" అంది.

"తిన్నానమ్మా."

"పిల్లలు?" పెద్దకోడలి పిల్లలు, ఇప్పుడు ఈ పిల్లే సాకుతోంది.

"పెద్దోడు బడికి పోతున్నాడమ్మా. చిన్నదే, పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటది. ఎందుకే అంటే, అమ్మ కోతకెళ్ళింది, వచ్చేస్తది పిన్నీ అంటది. ఏం చెప్పను?"

ఏం చెప్పను. ఇన్‌స్పెక్టరమ్మకు కూడా అదే ప్రశ్న. ఎనిమిది నిమిషాలున్నాయి. చిన్నకోడలు తనంతట తనే మాట్లాడింది, గొలుసు గ్లాసు కేసి చూస్తూ, చిన్నగా. అత్తగారు తన చేతి నీళ్ళు ముట్టుకోవడం లేదట. ఏమీ అనదు, తిట్టదు, తిట్టినా బాగుండు, గ్లాసు పెడితే చూసి ఊరుకుంటుంది, తర్వాత లేచి వెళ్ళి తనే ముంచుకుంటుంది. కలిపే చెయ్యి కదమ్మా అంది. మొగుడు ఏమీ అనడు, బావగారు ఏమీ అనడు, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, అదే భరించలేకపోతున్నాను అంది. ఆ రోజు డబ్బా సీలు విప్పగానే వాసన తేడాగా ఉంది, మేస్త్రీకి చెబితే కొత్త స్టాకు అలాగే ఉంటుంది, నోరు మూసుకుని కలుపు అన్నాడు, కలిపింది. "ఏడాది పాటు మాటల్లేవమ్మా మాకు. బట్టలారేసే తాడు దగ్గర గొడవ, నా చీర ఆమె తీసిందని. సిగ్గు లేకపోతే సరి. అప్పటికి వారం కిందే మళ్ళీ కలిశాం. సాయంత్రం పోతూ పోతూ చెప్పింది, రేపు నీకు జడ వేస్తానే అని." జడ చివర వేలికి చుట్టుకుంది. "వాసన తేడా అని తెలిసి కూడా కలిపాను కదమ్మా. మీకు ఆ రోజే చెప్పాను, సీలు నేనే విప్పానని. మీరు, అది రాయక్కర్లేదులే అన్నారు. నా మీద దయకొద్దీ అన్నారు, నాకు తెలుసు."

దయ. ఇన్‌స్పెక్టరమ్మ గోడ మీది కాగితం కేసి చూసింది. దయ కాదే పిచ్చిదానా, ఆ మాట రాస్తే పదకొండో గడి పాడవుతుందని. అప్పుడే చెప్పాల్సింది, ఇదిగో ఇందుకని. చెప్పకుండా ఊరుకుంటే ఆ పిల్ల దాన్ని తీసుకెళ్ళి దయ అనుకుంది, ఎనిమిది నెలలు మోసింది, నేను తప్పు చేశాను, పెద్దావిడ కడుపులో పెట్టుకుని కప్పెట్టింది అని. ఇప్పుడు ఈ పిల్లను పట్టుకుని, సీలు నువ్వు విప్పలేదని చెప్పు, నేను వచ్చేదాకా అలాగే ఉందని చెప్పు అనాలా? ఆ ఒక్క మాట చెప్పేద్దామనే కదా కొత్త చెప్పులు వేసుకుని వచ్చింది, ఆ మొహం చూస్తుంటే తెలియడం లేదూ. చెప్పుకుంటే గాని దిగని బరువు అది. అది ఈ పిల్ల నెత్తి మీదే ఉంచితే గాని అక్కడ ఆ డబ్బాలు ఆగవు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఐదు నిమిషాలు. చెప్పు. కనీసం నీ తప్పేం లేదే అని అయినా చెప్పు, అది నిజమేగా, దానికి రూలు అడ్డమా? అదీ రాలేదు. నీ తప్పేం లేదంటే, మరి ఎవరిది అని అడుగుతుందేమో. ఫోను చేసి స్టోరుగది కడిగించింది ఎవరు? పందొమ్మిదేళ్ళు పద్నాలుగో గడిలో కాదు కాదు అని, కంపెనీలకు ఏమీ కాదు అని నేర్పింది ఎవరు? కంచే చేను మేస్తే ఇంక ఆ చేను ఎవరికి చెప్పుకుంటుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదటి అంతస్తు, రెండో అంతస్తు. ఇన్‌స్పెక్టరమ్మ లేచి తన బెంచీకి వచ్చి కూర్చుంది, ఏమీ తెలియనట్టు, దొంగతనం చెయ్యబోయి చెయ్యలేకపోయిన దొంగలా.

అటెండరు మూతి తుడుచుకుంటూ ఇద్దరినీ చూశాడు, తృప్తిగా తలూపాడు. గడియారం పదీ యాభై. పోనీ ముందు నన్నే పిలుస్తారు, ఉద్యోగిని, ఇన్‌స్పెక్టరు, వరసలో నేనే ముందు, నేను ముందు చెప్పేస్తే, సీలు ఉంది అని గట్టిగా, తొణక్కుండా, రూళ్ళకర్ర మాట మాటే, అప్పుడు ఆ పిల్ల ఏమన్నా చదువు లేని పిల్ల, భయంలో తప్పుగా చెప్పింది అనుకుంటారేమో. అనుకున్న మరుక్షణం ఒళ్ళంతా చీదరేసింది. పద్నాలుగో గడి ఆలోచనే అది. మళ్ళీ వాడకందారు అజాగ్రత్తే. మళ్ళీ ఆ పిల్లే. అబ్బా, ఎంత లోతుకు ఇంకిపోయిందిరా ఈ ఉద్యోగం, ఎముకల్లోకి. లోపల కుర్చీలు జరిగిన చప్పుడు, దగ్గు, ఎవరో నవ్వారు. తలుపు తెరుచుకుంది. అటెండరు లోపలికి తల పెట్టి, విని, బయటికి తిరిగి, చెయ్యి ఎత్తాడు, చిన్నకోడలి కేసి.

"ముందు నువ్వు రామ్మా."

"నేను కదా ముందు?" ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది.

"కాదు మేడమ్, పనివాళ్ళను ముందు పిలవమన్నారు. ఎండన పడి వచ్చారు కదా, తొందరగా పంపిద్దాం అన్నారు అయ్యగారు."

చిన్నకోడలు పక్కనించి నడిచి వెళ్ళింది. ఒక్క అడుగు దూరం. చెయ్యి చాపితే భుజం అందుతుంది. అప్పుడైనా అనొచ్చు, చెవిలో, అటెండరు ఏం చేస్తాడు, ఉరితీస్తాడా. చెయ్యి లేచింది కూడా, లేచి, ఆ పిల్ల వీపు మీద ఏదో దులిపినట్టు దులిపి కిందికి పడిపోయింది. చిన్నకోడలు వెనక్కి తిరిగి ధైర్యంగా నవ్వబోయింది. తలుపు మూసుకుంది, ఆ తలుపుకు గడియ సరిగ్గా పడదేమో, దానంతటది జానెడు తెరుచుకుంది. అటెండరు వేశాడు, మళ్ళీ తెరుచుకుంది, పోనీలెమ్మని ఊరుకున్నాడు. పేరు అడిగారు, వయసు అడిగారు, పని అడిగారు. మందు కలుపుతానండీ అంది, స్పష్టంగా. పెద్దాయన గొంతు మెత్తగా ఉంది, తాతగారిలా. ఇన్‌స్పెక్టరుగారికి డబ్బా ఎవరిచ్చారమ్మా? నేనేనండీ. అప్పుడు దాని సీలు ఎలా ఉంది? ఇన్‌స్పెక్టరమ్మ రెండు చేతులతో బెంచీ ఇనపచట్రం పట్టుకుంది. భయపడు, తల్లీ, తడబడు, గుర్తులేదని చెప్పు, ఏడువు, కళ్ళు తిరిగి పడిపో, నీకు దణ్ణం పెడతాను.

"సీలు లేదండీ. మందు కలిపిన సాయంత్రం నేనే విప్పాను. ఈ చేత్తోనే విప్పాను."

ఇంకో గొంతు, వకీలుది కాబోలు, ఇంకా మెత్తగా, మళ్ళీ ఒక్కసారి నింపాదిగా చెప్పమ్మా, రాసుకుంటున్నారు అంది. చిన్నకోడలు మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా పెద్దగా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, వరండా చివర ఫిల్టరు దాకా వినపడేలా. మూత నేనే తీశానండీ. సగం వాడాక తెచ్చి అమ్మగారికిచ్చాను. కాగితం మీద పెన్ను గీకుతున్న చప్పుడు కూడా వినపడింది, లేక వినపడినట్టనిపించిందో. ఇంకేం లేదు. అయిపోయింది. ఇక్కడ ఇద్దరు, అక్కడ ముగ్గురు, రేపు ఎక్కడో ఎందరో, ఏ షెడ్డులోనో ఏ పిల్లో మూత తీస్తుంది, వాసన తేడాగా ఉందంటుంది, కొత్త స్టాకు, కలుపు అంటారు. తర్వాత ఒక ఇన్‌స్పెక్టరు వెళ్తాడు, ముందు ఫోను చేసి వెళ్తాడు. పద్నాలుగు కాదు. ఇరవై రెండు అజాగ్రత్త. బీరువా తాళం. పది నిమిషాలు ఇచ్చాడు దేవుడు, ఏమన్నా తిన్నావా అని అడిగింది.

చిన్నకోడలు బయటికి వచ్చింది. తిన్నగా ఫిల్టరు దగ్గరికి వెళ్ళి, గొలుసు లాగి, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, ఇంకో గ్లాసు పట్టుకుని తాగింది. మూతి తుడుచుకుంటూ వచ్చి, కాగితం సంగతీ అటెండరు సంగతీ పట్టించుకోకుండా ఇన్‌స్పెక్టరమ్మ పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. మొహం కడిగినట్టు ఉంది. ఎనిమిది నెలల్లో ఆ మొహం ఎప్పుడూ అలా లేదు.

"చెప్పేశానమ్మా. ఒక్క ముక్క దాచలేదు. సీలు నేనే విప్పానని చెప్పేశాను. మీరు నాకోసం రాయలేదు గాని, నేనే చెప్పేశాను. తిడతారనుకున్నా. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ నల్లకోటు వేసుకున్నాయన లేడూ, కంపెనీ తరఫు ఆయనంట, ఆయనైతే లేచి నిలబడి, ఇందులో నీ తప్పేం లేదమ్మా, నువ్వు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపో అన్నాడు." కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళకి ఆ మాట నాకు ఆయనొక్కడే చెప్పాడమ్మా. ఇంక వాళ్ళకి శిక్ష పడుద్ది కదా?"

"ఊఁ" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

తలుపు దగ్గర అటెండరు చెయ్యి ఎత్తాడు. "మేడమ్, మీరు రండి." ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు తీసుకుని లేచింది. ఒక అడుగు వేసి ఆగింది. చిన్నకోడలు వెనకనించి ఆవిడ మోచెయ్యి పట్టుకుని, పిల్లను బడిలోకి పంపినట్టు, తలుపు కేసి మెల్లగా నెట్టింది.

"వెళ్ళండమ్మా, భయమేం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి. మంచివాళ్ళే."